కోలారు బంగారు గనుల సైనైడ్ దిబ్బలు

రాబర్ట్‌సన్‌పేటనుండి చాంపియన్ రీఫ్ మీదుగా మారికుప్పము వరకు ఏ వీథిలో నిలిచి చూచినను, ఇండ్ల కప్పులకు పైగా, నెత్తిన చదునై, వాననీటి కోతలచే ప్రక్కలు చీలికలు వారి, బూడిదవన్నె గుట్టలు కానవచ్చుచుండును. మా ఊరివారు వీనిని సైనైడ్ దిబ్బలందురు. నూటయిరువది సంవత్సరములు భూగర్భమునుండి పైకెత్తి, పిండిగా నలిపి, స్వర్ణాంశమును గ్రహించి, పనికిరాదని పారవేసిన శిలాచూర్ణమే ఈ గుట్టలు. కోలారు గనులను గూర్చి వ్రాసినవారిలో పెక్కురు బంగారమును గూర్చి వ్రాసిరి. ఆ బంగారము ఏనాడో ఊరు దాటి పోయినది. ఇచట నిలిచియున్నది దిబ్బ యొక్కటే. కనుక మా ఊరి చరిత్రను దాని ప్రక్కనుండియే చెప్పుట న్యాయమని నాకు తోచుచున్నది.

1802లో మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును కొలువ వచ్చిన వారన్ అను సైనికోద్యోగి, బంగారము చూపినవారికి బహుమానమిత్తునని చాటింపగా, గ్రామస్థులు బండ్లమీద మన్ను తెచ్చి ఆతని యెదుట కడిగి పసిడి రజనును చూపిరి. అటుపిమ్మట చాలకాలమునకు, 1875లో లావెల్ అను ఐరిష్ దేశీయుడు త్రవ్వకమునకు అనుజ్ఞ పొందెను. 1880లో లండను నగరపు జాన్ టేలర్ సంస్థవారు ప్రవేశించిన తరువాతనే పని నిజముగా సాగినది. 1902లో కావేరీతీరమున శివసముద్రమునందు పుట్టిన విద్యుచ్ఛక్తి తొంబది మైళ్లకు పైగా తీగలమీద ప్రయాణించి మా గనుల యంత్రములను త్రిప్పెను. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. ఆ గనిలోనే 1965లో శాస్త్రజ్ఞులు ఆకాశమున పుట్టిన న్యూట్రినో కణముల జాడను పట్టిరని చెప్పుకొనుటకు నేటికిని మాకు గర్వముగానే యుండును.

అయితే ఈ వైభవమునకు మూలమైన పని ఎట్టిదో పాఠకుడు తెలిసికొనవలెను. రాతిని మొదట రోకటి యంత్రములలో దంచి, ఆ బురదను పాదరసము పూసిన రాగిరేకుల మీదుగా పారించెడివారు. పాదరసమునకు అంటినంత బంగారము అంటగా, మిగిలిన ఇసుకను సైనైడ్ ద్రావణమున నానవేసి, కరగివచ్చిన లోహమును తుత్తునాగపు తురుముమీదికి దింపెడివారు. ఇంత చేసియు టన్ను రాతినుండి లభించునది గ్రాములలోనే. గనులు పనిచేసిన కాలమంతట ఇచట లభించిన బంగారము దాదాపు 800 టన్నులు కాగా, దిబ్బలలో నేడున్న చూర్ణము 3 కోట్ల 30 లక్షల టన్నులు. సైనైడ్ ఎండకును గాలికిని క్రమముగా విచ్ఛిన్నమగును గాన, పేరునందలి విషముకంటె మాకు భయంకరమైనవి తక్కిన రెండు: ఊపిరితిత్తులలో దిగి వానిని గట్టిపరచు సన్నని సిలికా ధూళి ఒకటి, రాతియందలి గంధక ఖనిజములు వాననీటితో కలిసి ఆమ్లమై కరగించి తెచ్చు లోహములు రెండవది. ఆషాఢపు గాలి లేచినప్పుడు ఆ ధూళి మా వంటయిండ్లలోనికి, పసిబిడ్డల ఊయెలలలోనికి వచ్చును. ఆ దినములలో తలుపులు మూసికొని బ్రదుకుట మా ఊరి ఆడువారికి తరతరములుగా అలవడిన విద్య.

ఈ రాతిని త్రవ్వినవారిలో అధికులు ఉత్తర ఆర్కాటు జిల్లానుండి వచ్చిన తమిళులు. 1911 వరకు నేటి చిత్తూరు ప్రాంతము ఆ జిల్లాలోనిదే గాన మన తెలుగు కుటుంబములును వారితో కలిసి వచ్చినవి; చుట్టుపట్ల కోలారు గ్రామములలోనో తెలుగు మొదటినుండియు ఇంటిభాష. అధికారులకు మేడలు, క్లబ్బు, గాల్ఫు మైదానము ఏర్పడినవి. కూలీలైన్లలో కుటుంబమునకు ఒక్క గది. బండ పగిలి గనిలోనే సమాధియైనవారును, దగ్గుతో ఇంటికి చేరి మంచముమీదనే క్షీణించినవారును లేని లైను లేదు. బంగారపు విలువను లెక్కించిన గ్రంథములు ఈ ఊపిరులను లెక్కింపలేదు.

1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్రమును గనులను స్వీకరించినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ వెలసినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. కుప్పము చెంత చిగురుగుంట, బిసానత్తము గనులకును అదే గతి పట్టినది. నీటిని తోడు పంపులు ఆగగా సొరంగములు నిండిపోయినవి. నేడు మా యువకులు వేకువనే మారికుప్పము బండియెక్కి బెంగళూరు పోయి, రాత్రికి తిరిగివచ్చుచున్నారు. ఊరు వారికి నిద్రపోవుటకు మాత్రమే మిగిలినది.

2024 జూన్ మాసమున కర్ణాటక మంత్రివర్గము, వేయి ఎకరములలో నున్న 13 దిబ్బలను మరల శోధించి బంగారము తీయవలెనను కేంద్ర ప్రతిపాదనకు సమ్మతించినది. పని దొరకునని మా పేటలో చాలమంది సంతోషించిరి, నేనును సంతోషించితిని. కాని ఒక విషయము బాగుగా విచారింపవలసియున్నది. టన్నునకు గ్రాముకూడ లేని బంగారమును తీసినంతమాత్రమున టన్ను తరుగదు. దిబ్బను నీటిధారలతో కోసి, బురదచేసి, గొట్టములలో నడపి, మరల సైనైడ్ పట్టించి, తుదకు అంత చూర్ణమును మరియొకచోట పోయవలసినదే. దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గులో కొన్ని దశాబ్దములుగా ఇట్లే పాత దిబ్బలను శోధించుచున్నారు. నగరమధ్యమున నేల ఖాళీయైన మాట నిజమే గాని, ఆ రాశి నగరము వెలుపల మరింత పెద్దరాశిగా లేచినది. మన రాశి ఎచట లేచును? బేతమంగళపు చెరువుచెంతనా? ఇంకొక పేద గ్రామపు పొలిమేరలోనా?

దిబ్బలు ముట్టరాదని నేననను. ఉన్నవానిని ఉన్నట్లు విడుచుటయు మా పిల్లల ఊపిరికి ద్రోహమే. నా అభిప్రాయమిది: దిబ్బను కడుగుటకు అనుజ్ఞ యిచ్చు పత్రములోనే దానిని కప్పుటకు కట్టుబాటును వ్రాయవలెను. నీరింకని అడుగు పరచిన గుంటలో వ్యర్థమును నింపి, పైన మంచిమన్ను వేసి, వేరు దిగు గడ్డి నాటి, అది పట్టువరకు నీరుపోసి కాపాడు వ్యయమును గుత్తదారు ముందుగా ప్రభుత్వమువద్ద జమకట్టవలెను. పని ఆరంభమునకు ముందే బావులనీటిని పరీక్షించి ఫలితములను పేటపేటలో ప్రకటింపవలెను. లాభములో మొదటి భాగము ఊపిరితిత్తుల వైద్యమునకును, కూలీలైన్ల ఇండ్లపై అందు నివసించువారికి హక్కుపత్రములిచ్చుటకును పోవలెను. నేల శుభ్రమైన పిదప పరిశ్రమలు రావచ్చును. 1964లో వచ్చిన భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారము మా ఊరిలో ఎన్ని పొయ్యిలు వెలిగించినదో మేమెరుగుదుము.

నా తోటి పురవాసులకు మనవి: ఈ పనిమీద ప్రజాభిప్రాయ సభ ఏర్పాటైననాడు, తమిళులు తెలుగువారు కన్నడిగులు అను భేదము లేక అందరును రండు; ఈ షరతులు వ్రాతమూలముగా చేతికి వచ్చువరకు సమ్మతి తెలుపకుడు.