టాకోలోంచి రొట్టె తీసేస్తే...

ఈ మధ్య మన ఐటీ జనాల్లో ఎవర్ని కదిపినా కార్బ్స్ గోలే. ముప్పై ఐదు దాటిందంటే చాలు, హెల్త్ చెకప్ రిపోర్టులో ఏదో ఒక అంకె పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. మర్నాటి నుంచి అన్నం బంద్. అలా అన్నం మానేసినవాళ్ళలో చాలామంది, ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్ళు, చివరికి వెళ్ళి చేరేది టాకో బౌల్ దగ్గర. కారం ఉంటుంది, గింజలు ఉంటాయి, పైన నిమ్మకాయ పిండుకోవచ్చు, మాంసం తిననివాళ్ళకీ పనికొస్తుంది. మన నాలుకకి ఇంతకంటే దగ్గరి చుట్టం అక్కడి ఫుడ్ కోర్టుల్లో దొరకదు.

సరే, ఇంతకీ ఈ బౌల్ అంటే ఏమిటి? టాకోలోంచి రొట్టె తీసేసి మిగతాదంతా గిన్నెలో వేసుకోవడం. అంటే తప్పంతా రొట్టెదే అని తీర్పు చెప్పేశామన్నమాట! నాకు ఈ తీర్పు మీద అభ్యంతరం ఉంది. ముద్దాయి పూర్వచరిత్ర చూడకుండా శిక్ష వేసేశాం. అందుకని ఆ చరిత్ర కాస్త తవ్వుదాం. వంట చివర్లో చెప్తాను, ఆకలిగా ఉన్నవాళ్ళు నేరుగా అక్కడికి దూకేయొచ్చు.

సున్నపు నీళ్ళ తెలివి

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. దక్షిణ మెక్సికోలోని బాల్సాస్ నదీలోయలో తియోసింతే అనే గడ్డిని సుమారు 9000 ఏళ్ళ క్రితం అక్కడి జనం సాగులోకి తెచ్చి, తరతరాలుగా ఏరి ఏరి విత్తుకుంటూ ఇప్పుడు మనం చూసే కంకిగా మార్చారు. అది సగం కథే. మిగతా సగం వంటింట్లో జరిగింది. ఎండిన గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే కడిగి పై పొట్టు తీసి, మెటాటే అనే రాతి మీద నూరతారు. మెటాటే అంటే మన సన్నికల్లుకి అక్కగారు. ఈ పద్ధతికి నిక్స్తమల్ అని పేరు. బూడిదకి, మొక్కజొన్న ముద్దకి ఆ జనం వాడే నావాటల్ భాషా పదాల్లోంచి వచ్చింది. దీనికి దొరికిన ఆనవాళ్ళు మూడువేల ఏళ్ళకి పైబడినవి.

సున్నం ఎందుకు? మొక్కజొన్న రొట్టె చేయబోయిన మనవాళ్ళెవరినైనా అడగండి, పిండి సాగదు, అంచులు పగులుతాయి, వేడినీళ్ళతో పిసికి నానా తంటాలు పడాలి. సున్నపు నీళ్ళలో ఉడికితే పొట్టు కరిగి పిండి ముద్దకట్టి పల్చటి రొట్టె వస్తుంది. కాల్షియం కూడా చేరుతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది కంటికి కనపడదు. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిన్ (బి3) చాలావరకు మన ఒంటికి అందకుండా బిగుసుకుని ఉంటుంది. సున్నం ఆ ముడి విప్పుతుంది. విటమిన్ అనే మాట పుట్టడానికి వేల ఏళ్ళ ముందే, పేరు తెలియని ఆడవాళ్ళు రోజూ గంటల తరబడి రాయి మీద నూరుతూ చేసిన పని ఇది. పైగా వాళ్ళు రొట్టె ఒక్కటే తినలేదు. మొక్కజొన్నతో పాటు అదే చేలో చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి పెంచేవారు. వాటికి తోడు మిరపకాయ, టమాటా, అవకాడో. మెక్సికో టాకో బౌల్లో వేసే సరుకులో సగం అప్పటికే ఆ కంచంలో ఉందన్నమాట.

రీడ్‌మీ చదవకుండా కాపీ కొట్టినవాళ్ళు

1493లో కొలంబస్ తిరిగొచ్చాక మొక్కజొన్న స్పెయిన్ చేరింది. బోలెడంత పండుతుంది, కారుచౌక. ఇటలీ, స్పెయిన్ పేదల కడుపు నింపింది. కానీ విత్తనం పట్టుకెళ్ళినవాళ్ళు సున్నం సంగతి పట్టుకెళ్ళలేదు. మన భాషలో చెప్పాలంటే డిపెండెన్సీలు వదిలేసి కోడ్ కాపీ చేసుకున్నారు. కంపైల్ అయింది, పంట పండింది, ప్రొడక్షన్లో మనుషులు పడిపోవడం మొదలైంది.

1735లో గాస్పర్ కసాల్ అనే స్పెయిన్ వైద్యుడు అస్తూరియాస్ ప్రాంతపు పేదరైతుల్లో ఒక వింతజబ్బు గమనించాడు. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలిపోవడం, ఆగని విరేచనాలు, మతి చలించడం, ముదిరితే చావు. తర్వాత ఇటలీవాళ్ళు దానికి పెల్లాగ్రా అని పేరుపెట్టారు, గరుకు చర్మం అని అర్థం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అదే జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాలని పట్టుకుంది. అక్కడి కౌలు కూలీల తిండి ఏడాది పొడుగునా మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, కాస్త పందికొవ్వు. 1906 నుంచి 1940 దాకా దాదాపు 30 లక్షల మందికి జబ్బు సోకిందనీ, లక్షమంది దాకా చనిపోయారనీ అంచనా.

అందరూ అదేదో క్రిమి వల్ల వచ్చే అంటువ్యాధి అనుకున్నారు. 1914లో ప్రభుత్వం ఈ పని అప్పజెప్పిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మాత్రం శరణాలయాల్లో ఒక చిన్న విషయం పట్టుకున్నాడు. జబ్బు రోగులకే వస్తోంది, వాళ్ళ మధ్యే తిరిగే సిబ్బందికి రావట్లేదు. అంటువ్యాధికి ఈ మర్యాదలెక్కడివి? 1915లో మిసిసిపీలోని రాంకిన్ జైలు పొలంలో, క్షమాభిక్ష హామీ మీద ముందుకొచ్చిన ఖైదీలకి ఆ పేదల తిండే పెట్టి చూశాడు. కొన్ని నెలల్లో ఆరుగురికి జబ్బు లక్షణాలు కనిపించాయి. అయినా నమ్మలేదు జనం! చివరికి ఆయనా, ఆయన భార్యా, తోటివాళ్ళూ కలిసి రోగుల రక్తం ఎక్కించుకుని, వాళ్ళ ఒంటి మాలిన్యాలు మింగి మరీ చూపించారు, ఇది అంటదని. మీ ఊళ్ళో పేదరికం ఉంది అని చెప్పే డాక్టర్ని ఏ ఊరి పెద్దలు మెచ్చుకుంటారు? 1929లో ఆయన పోయాడు. ఆ లోపమేదో నయాసిన్ రూపంలో తేలింది 1937లో, కాన్రాడ్ ఎల్వేజెమ్ చేతుల్లో.

ఇక్కడ మన హైదరాబాద్ కూడా కథలోకి వస్తుంది. 1960లో, తార్నాకలోని పోషకాహార పరిశోధనశాల (ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ) తరఫున సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతయ్య లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన అచ్చేశారు. జొన్నే ప్రధానాహారంగా బతికే దక్కన్ పేదల్లో కూడా పెల్లాగ్రా కనిపిస్తోందనీ, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్‌కి ఇందులో పాత్ర ఉండొచ్చనీ వాళ్ళ వాదన. లూసిన్ సంగతి మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. నాకు మాత్రం అందులో మిగిలిన నీతి ఒకటే. జొన్న చెడ్డది కాదు. పక్కన పప్పు, ఆకుకూర, పాలచుక్క లేకుండా అదొక్కటే తినాల్సి రావడం చెడ్డది. మనం ఇవాళ కార్బ్స్ మానేద్దామా వద్దా అని చర్చించుకుంటున్నాం, వాళ్ళ కంచంలో అది తప్ప ఇంకోటి లేదు.

రొట్టె గిన్నె అయిన వైనం

మళ్ళీ టాకో దగ్గరికొద్దాం. టాకో అన్న పేరు మెక్సికో వెండిగనుల్లోంచి వచ్చి ఉంటుందని చరిత్రకారుడు జెఫ్రీ పిల్చర్ అభిప్రాయం. రాయి పగలగొట్టడానికి మందుగుండుని కాగితంలో చుట్టి పెట్టే పొట్లాన్ని కూలీలు అలా పిలిచేవారట. అక్కణ్ణుంచి మెక్సికో నగరం వీధుల్లోకి, 1900ల మొదట్లో వలస కూలీలతో అమెరికాలోకి వచ్చింది. మెత్తటి రొట్టె, లోపల ఏదో ఒక కూర, అంతే.

కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 1937లో పెట్టిన మిట్లా కేఫ్‌లో రొట్టెని మడిచి నూనెలో కరకరలాడేలా వేయించి, బీఫ్ ఖీమా, లెట్యూస్, చీజ్ పెట్టి ఇచ్చేవారు. ఎదురుగా హాంబర్గర్ బడ్డీ నడిపే గ్లెన్ బెల్ దాన్ని తిని, ఎలా చేస్తారో చూసి నేర్చుకున్నాడు. ఆయనే 1962లో టాకో బెల్ మొదలుపెట్టాడు. కరకర డొప్ప వేయించే పరికరానికి పేటెంట్ మాత్రం అప్పటికే, 1950లో, న్యూయార్క్‌లో హోటలు నడిపే హువెన్సియో మాల్డొనాడోకి వచ్చింది. ఆకలి తీర్చే రొట్టె ఈ మజిలీలో డొప్పగా మారింది. ఆ తర్వాత వచ్చిన టాకో సలాడ్‌లో ఏకంగా నూనెలో వేగిన పెద్ద గిన్నె అయి కూర్చుంది. రొట్టెకి చెడ్డపేరు వచ్చింది ఇక్కడే!

ఇటు పిండి పదార్థాలు మానేయమనే గాలి పాతదే. 1863లోనే లండన్‌లో విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప మాని తగ్గానని చిన్న పుస్తకం వేశాడు. 1972లో డాక్టర్ అట్కిన్స్ దాన్ని మళ్ళీ లేపాడు. 2000ల తొలి ఏళ్ళలో ఆ గాలి తుఫానైంది. బరీటోని విప్పి గిన్నెలో పోసి అమ్మడం అప్పుడే ఊపందుకుంది. అట్కిన్స్ కంపెనీ 2005లో దివాలా పిటిషన్ వేసింది, బౌల్ మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు లెక్క చూద్దాం

ఇక్కడే నా అభ్యంతరం. ఆరంగుళాల మొక్కజొన్న రొట్టె ఒకదాంట్లో కార్బ్స్ సుమారు 12 గ్రాములు. దాన్ని తీసేసి గిన్నె అడుగున మనం వేయించుకునే అన్నం ఒక కప్పు అయితే 45 గ్రాములు! పైన సవర్ క్రీమ్, రెండు గుప్పిళ్ళ చీజ్. అసలు దొంగని వదిలేసి దారినపోయేవాణ్ణి పట్టుకోవడం అంటే ఇదే.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఒక్కరికి సరిపడా చెప్తాను. చికెన్ ఖీమా 150 గ్రాములు, లేదా పనీర్ చిదిపి. చెంచా నూనెలో ఉల్లి, వెల్లుల్లి వేగాక జీలకర్ర పొడి, కారం, కాస్త ధనియాల పొడి, ఓరెగానో, ఉప్పు వేసి ఖీమా ఉడికించండి. కొనే టాకో మసాలా పొట్లాల్లో చాలావాటికి పిండిపదార్థం, ఉప్పు దండిగా కలుపుతారు, అందులో ఉండే దినుసులన్నీ మన పోపులపెట్టెలోనే ఉన్నాయి. గిన్నె అడుగున అన్నం బదులు రెండు కప్పుల లెట్యూస్ లేదా సన్నగా తరిగిన క్యాబేజీ. పైన ఖీమా, పావు కప్పు ఉడికించిన నల్ల బీన్స్ (రాజ్మా అయినా సరే), టమాటా, పచ్చి ఉల్లి, క్యాప్సికం, సగం అవకాడో, కొత్తిమీర, నిమ్మరసం. సవర్ క్రీమ్ బదులు వడకట్టిన గట్టి పెరుగు రెండు చెంచాలు. చీజ్ కావాలంటే చిటికెడు. అన్నీ కలిపి కార్బ్స్ 30 గ్రాములు అటూఇటూ, అందులో దాదాపు సగం పీచే.

దీని పక్కన పెనం మీద కాల్చిన మొక్కజొన్న రొట్టె ఒకటి పెట్టుకోండి. అప్పటికీ మొత్తం 42. వదిలేసిన కప్పు అన్నం ఒక్కదానికంటే తక్కువే! కొనేటప్పుడు ప్యాకెట్ మీద చూడండి, మొక్కజొన్న, నీళ్ళు, సున్నం అని మూడే మాటలుంటే అంతకంటే కావలసింది లేదు. షుగరు ఉన్నవాళ్ళు డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం నడుచుకోవాలి, అందులో వాదన లేదు. మిగతావాళ్ళకి నాదొక్కటే మనవి. ఏదైనా పాత సిస్టంలోంచి ఒక ముక్క పీకేసే ముందు, అదక్కడ ఎందుకుందో ఒకసారి కనుక్కోండి. ఆ సున్నం సంగతి కనుక్కోకపోవడానికి ప్రపంచం రెండు వందల ఏళ్ళు మూల్యం చెల్లించింది, అదీ పేదల ప్రాణాలతో.