మన ఇండ్లల్లకు ఫోన్ వచ్చిన కథ

ప్రతి ఏడు ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని రాసుకుంటం. ఈసారి ఫోన్ గురించి కూడా రాయాలని అనుకున్నం. మన పొదుపు, మన అప్పు, పిల్లల చదువు, ఆఖరికి మన పరువు కూడా ఇప్పుడు దాంట్లనే ఉన్నయి. ఫోన్ మన ఇండ్లల్లకు వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. ఆడోళ్ల చేతికి రావడానికి మాత్రం చానా కాలం పట్టింది, కొన్ని ఇండ్లల్ల ఇంకా రాలేదు.

మేము చిన్నగున్నప్పుడు ఊరికి తంతి వచ్చిందంటే అందులో ఏం రాసుందో చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. మంచి వార్తకు తంతి ఎవరు కొడతరు? ఆ తంతి సేవను ప్రభుత్వం 2013 జూలైలో బంద్ చేసింది. అప్పటికే దాన్ని అందరం మర్చిపోయినం. మామూలు ముచ్చట్లకు ఇన్‌లాండ్ లెటర్ ఉండేది. చదువు రాని అమ్మలు బడిపిల్లలను పిలిచి రాయించుకునేటోళ్లు, అట్ల ఇంటి గుట్టంతా వాడకట్టు పిల్లలకు తెలిసేది.

తర్వాత పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు వచ్చినయి. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలల్ల పనికి బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినోళ్లు ఆదివారం బూత్ ముందు లైన్ కట్టేటోళ్లు. అద్దాల డబ్బాల నిలబడి, మీటర్ మీద ఒక కన్నేసి మాట్లాడాలె. రాత్రి పొద్దుపోయినంక రేటు తగ్గేది, అందుకే అసలు ముచ్చట్లన్నీ రాత్రే. ఊర్లల్ల ల్యాండ్‌లైన్ ఉన్న ఇండ్లు ఒకటో రెండో. "మా అల్లుడు ఫోన్ చేస్తడు వదినె, జర పిలువు" అని చెప్పి వాళ్ల అరుగు మీద కూసునేది. ఆ వదినె మన మాటలన్నీ వినేది. గుట్టు ఉండకపోయేది గాని, ఆ ఫోన్ దగ్గరికి ఆడోళ్లం కూడా నడిచిపోయేటోళ్లం. పక్కింటోళ్ల ఫోన్ కాబట్టి మొగుడు పెట్టెల పెట్టి తాళం వేసుకునేది లేదు.

సెల్‌ఫోన్ సంగతికి వస్తే, 1973 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగరంలో మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు చేతిల పట్టుకునే ఫోన్‌తో మొదటి కాల్ చేసిండు. మన దేశానికి రావడానికి ఇంకో 22 ఏండ్లు పట్టింది. 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన్రు. ఆ రోజులల్ల నిమిషానికి 8 నుంచి 16 రూపాయలు. వచ్చిన కాల్‌కు కూడా పైసలే. కూలికి పోయేటోళ్లకు అది అయ్యే పనేనా? 2003లో వచ్చే కాల్ ఫ్రీ అయింది. అదే ఏడు రిలయన్సోళ్లు 501 రూపాయలు కడితే ఫోన్ చేతికిచ్చిన్రు. టార్చ్‌లైట్ ఉన్న నోకియా 1100 కూడా ఆ ఏడుదే. సెకండ్ షిఫ్ట్ దిగి చీకట్ల ఇంటికి నడిచేటోళ్లకు మాటల కంటే ఆ లైటే ఎక్కువ పనికొచ్చింది.

పైసలు లేనోళ్లం మిస్డ్ కాల్ భాష తయారు చేసుకున్నం. ఒక రింగ్ అంటే డ్యూటీ దిగిన, బియ్యం కడుగు. రెండు రింగ్‌లంటే ఓటీ పడింది, రాత్రికి రాను. కంపెనీలకు పైసా పోకుండా వార్త చేరేది. ఈ తెలివి ఎవరు నేర్పిన్రో గాని, చదువుకున్నోళ్లకైతే కాదు అనిపిస్తది.

మర్యాదలు కూడా అప్పుడే మారినయి. ల్యాండ్‌లైన్‌ల "మంచిగున్నరా?" అని అడిగేటోళ్లు. సెల్ వచ్చినంక మొదటి మాటే "ఏడున్నవ్?" అయింది. కోడలిని అడిగే తీరు ఒకటి, కొడుకును అడిగే తీరు ఒకటి. చుట్టాలు ఇంటికొస్తే నీళ్లిచ్చి పక్కన కూసునేది పోయి ఫోన్ చూసుకుంట "ఊఁ" అంటున్నం. పెండ్లి పత్రిక వాట్సాప్‌ల పంపితే పెద్దోళ్లు ఇప్పటికీ పిలుపు కింద లెక్క పెట్టరు. బొట్టు పెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. ఈ ఒక్క విషయంల పెద్దోళ్ల దిక్కే మేము.

మన దగ్గర ఇంకో ముచ్చట ఉంది, ఇది వేరే ఊర్లోళ్లకు అంత తెల్వదు. మందుల కంపెనీలల్ల, రసాయనాల కంపెనీలల్ల సాల్వెంట్ ఆవిరి అంటుకునే భయం ఉంటది కాబట్టి ఫోన్ లోపలికి పోనియ్యరు. గేటు దగ్గరే పెట్టి పోవాలె. ఊరంతా ఫోన్ ఉన్నా ఎనిమిది గంటలు మన మనిషి అందడు. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయిన్రు. చానా మందిని డీఎన్ఏ పరీక్షలతోనే గుర్తుపట్టిన్రు. అందుకే సంఘంల చెప్పుకున్నం: డ్యూటీకి పోయేటోళ్ల కంపెనీ గేటు నంబర్, షిఫ్ట్‌ల తోటి పనోళ్ల నంబర్లు ఇద్దరివన్నా ఇంట్ల గోడ మీద రాసి పెట్టాలె. ఫోన్‌ల సేవ్ చేస్తే చాలదు, ఫోన్ ఇంట్లనే ఉంటదని ఏముంది?

ఇక అసలు మాట, ఆ ఫోన్ ఎవరిది? 1997లో బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంకు మనసొంటి ఆడోళ్లకే అప్పిచ్చి సెల్‌ఫోన్ కొనిపిచ్చింది. ఊరోళ్లు వాళ్లింటికొచ్చి పైసలిచ్చి మాట్లాడేటోళ్లు. అక్కడ ఫోన్ ఆడదాని పేరు మీద, ఆడదాని చేతిల వచ్చింది. మన దగ్గర మొదలు మొగోళ్ల అంగి జేబుల వచ్చింది. వాళ్లు కొత్తది కొంటే పాతది కొడుకుకు, వాడు పగలగొట్టినంక మనకు.

2011లో స్త్రీనిధి మొదలైనప్పుడు సంగతి కొంత మారింది. ఫోన్ మీదనే అప్పు అడిగి, రెండు రోజులల్ల ఖాతాల పడే పద్ధతి తెచ్చిన్రు. బ్యాంకు చుట్టూ తిరిగే బాధ తప్పింది. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలికి ఒక నంబర్ ఉండాల్సి వచ్చింది. మా దగ్గర కొందరు అక్కలు ఆ నెపంతోనే ఇంట్ల అడిగి ఫోన్ కొనుక్కున్నరు. కాని చానా మంది బ్యాంకు పాస్‌బుక్కుకు మాత్రం మొగుని నంబరో, కొడుకు నంబరో ఉంది. ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతదో పైసలు వాళ్లవే అన్నట్టయింది. ఖాతా పేరు మనది, తాళంచెవి వాళ్ల దగ్గర.

అప్పుల తీరు చూడుండ్రి. 2010లో మైక్రోఫైనాన్స్ వసూలోళ్లు వచ్చి గడప ముందల కూసునేటోళ్లు. ఆ బాధలు చూసి అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చింది. ఇంటి మీదికి పోవద్దు, పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ చూసే చోటనే కట్టించుకోవాలె అన్నది. పదేండ్లకు లోన్ యాప్‌లు వచ్చినయి. సంతకం లేదు, జామీను లేదు, ఫోన్‌ల ఉన్న నంబర్లన్నీ గుంజుకుని, కట్టకపోతే చుట్టాలకు, స్నేహితులకు బూతు మెసేజ్‌లు పెట్టిన్రు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వాళ్ల మీద కేసులు పెట్టి చానా మందిని పట్టుకున్నరు. గడప ముందల కూసున్నోడిని వాడకట్టోళ్లు చూసి అడిగేటోళ్లు. ఫోన్‌ల కూసున్నోడు ఎవరికి కనబడతడు? ఎవరికైనా ఇట్ల అయితే సిగ్గుపడి దాచిపెట్టొద్దు, సంఘంల చెప్పుండ్రి. ఖాతాల నుంచి పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలె. ఎంత తొందరగ చేస్తే పైసలు ఆగే ఆశ అంత ఎక్కువ.

మన మీటింగ్‌లల్ల ఫోన్లు చాప నడుమ బుట్టల పెట్టే పద్ధతి నడుస్తనే ఉంది. చంటిపిల్లల తల్లులకు, ఇంట్ల రోగి ఉన్నోళ్లకు మాఫీ. ఈ ఏడు సంఘం రిజిస్టర్‌ల ఫోన్ నంబర్ పక్కన ఇంకో గడి గీసినం, "ఎవరి దగ్గర ఉంటది" అని. కొందరు "మాయన" అని రాయించిన్రు, కొందరు "పెద్దకొడుకు" అన్నరు. ఒక పెద్దమ్మ "నా దగ్గరనే, బొడ్డుసంచిల" అని గట్టిగ చెప్పింది. సొంత నంబర్ తీసుకున్నోళ్లు ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు పోయి పాత నంబర్ మార్పించుకోవాలె. ఒక్కరే పోవడానికి జంకేటోళ్ల వెంట వీఓఏ గాని, సంఘం లీడర్ గాని వస్తరు. ఆ గడి వచ్చే ఏడు పుస్తకం అచ్చుకు పోయే ముందు మళ్లీ నింపుతం.