తుపాను రాత్రీ వై-ఫై ఆగకూడదంటే..
ప్రాంగణాల్లో ప్రత్యామ్నాయ కంట్రోలర్లు, రోమింగ్‌ ప్రణాళికపై సమగ్ర వివరాలు

మందస: ఉద్దానం తీరానికి అక్టోబరు నెల గండం వంటిది. 2013 అక్టోబరు 12న పైలిన్‌ గోపాల్‌పూర్‌ వద్ద, 2014లో అదే తేదీన హుద్‌హుద్‌ విశాఖపట్నం వద్ద తీరం దాటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపాన తీరాన్ని తాకింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకు మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్తు స్తంభాలూ నేలకూలాయి. అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి. సమాచార సంబంధాలు తెగిపోయాయి.

జిల్లాలో నేడు అనేక భవనాలతో కూడిన ప్రాంగణాలు ఉన్నాయి. టెక్కలిలో 2001లో ఆరంభమైన ఆదిత్య ఇంజినీరింగ్‌ కళాశాల, ఎచ్చెర్లలో 2016లో ఏర్పడిన ట్రిపుల్‌ఐటీ, పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వీటికి ఉదాహరణలు. ఇంతటి ప్రాంగణంలో వై-ఫై ఆగితే పరీక్ష ఆగుతుంది, రోగి వివరాలు వైద్యుని చేతికి అందవు. కనుక ఒక యంత్రం చెడితే మరొకటి ఆ భారాన్ని అందుకునే ఏర్పాటును ముందుగానే చేసుకోవలసి ఉంటుంది. దీనినే ఫెయిలోవర్‌ అంటారు.

కంట్రోలర్‌ చేసే పని

పైకప్పుకు అమర్చి, వై-ఫై సంకేతాలను ప్రసారం చేసే పెట్టెలను యాక్సెస్‌ పాయింట్లు అంటారు. ఏది ఏ ఛానల్‌పై పనిచేయాలి, ఎంత శక్తితో ప్రసారం చేయాలి, ఎవరిని అనుమతించాలి అన్నవాటిని కంట్రోలర్‌ నిర్ణయిస్తుంది. ఈ రెండింటి నడుమ సంభాషణకు క్యాప్‌వ్యాప్‌ అనే ప్రమాణం 2009లో వెలువడింది. దాని ప్రకారం యాక్సెస్‌ పాయింటు సాధారణంగా 30 సెకన్లకు ఒకసారి కంట్రోలర్‌ను పలకరిస్తుంది. జవాబు రాకపోతే మరికొన్ని సార్లు ప్రయత్నించి, ఆపై వేరొక కంట్రోలర్‌ను వెదుకుతుంది. ఈ విరామాన్ని తగ్గించుకుంటే లోపం త్వరగా బయటపడుతుంది. మరీ తగ్గిస్తే క్షణకాలపు అంతరాయానికే పెట్టెలన్నీ ఇల్లు మారడం మొదలుపెడతాయి.

ప్రత్యామ్నాయం రెండు విధాలు

మొదటిది జంట విధానం. రెండు కంట్రోలర్లలో ఒకటి పనిచేస్తుండగా మరొకటి ప్రతి వినియోగదారుని వివరాన్నీ ఎప్పటికప్పుడు నకలు చేసుకుంటుంది. మొదటిది ఆగితే రెండవది వెంటనే అందుకుంటుంది. వాడుతున్నవారికి మార్పు దాదాపు తెలియదు. ఆసుపత్రులకు ఇది తగినది.

రెండవ విధానంలో పలు కంట్రోలర్లకు కలిపి ఒకే అదనపు కంట్రోలర్‌ ఉంటుంది. ఖర్చు తక్కువ. అయితే యాక్సెస్‌ పాయింట్లు కొత్తగా చేరాలి, వినియోగదారులు తిరిగి లాగిన్‌ కావాలి. దీనికి నిమిషాలు పట్టవచ్చు. రెండు యంత్రాల సాఫ్ట్‌వేర్‌ వెర్షన్‌ ఒకటి కాకపోతే ప్రతి పెట్టె కొత్త సాఫ్ట్‌వేర్‌ను దించుకుని పునఃప్రారంభం కావలసి వస్తుంది. జాప్యం మరింత పెరుగుతుంది.

తుపాను లెక్క వేరు

రెండవ విధానానికి పునాదిగా ఒక ఊహ ఉంది. యంత్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒక్కొక్కటిగా చెడతాయన్నదే ఆ ఊహ. విద్యుత్తు సరఫరా యూనిట్‌ కాలిపోవడం వంటి వాటికి అది సరిపోతుంది. తుపాను మాత్రం అన్నింటినీ ఒకే రాత్రి దెబ్బతీస్తుంది.

ఉదాహరణకు మూడు ప్రాంగణాల్లో 120, 80, 60 చొప్పున యాక్సెస్‌ పాయింట్లు ఉన్నాయనుకుందాం. ఒక్క కంట్రోలరే చెడుతుందని భావిస్తే అదనపు యంత్రం 120 పెట్టెలను మోయగలిగితే చాలు. మూడూ ఒకేసారి ఆగితే 260 పెట్టెలు దానిపై పడతాయి. సామర్థ్యం, లైసెన్సులు 120కే ఉంటే మిగిలిన 140 పెట్టెలు బయటే నిలబడతాయి. కనుక ఆసుపత్రి వార్డులకు, కంట్రోల్‌ రూముకు ముందుగా ప్రాధాన్యం దక్కేలా యాక్సెస్‌ పాయింట్లకు వరుస క్రమం నిర్ణయించాలి.

అదనపు కంట్రోలర్‌ను మొదటి దాని పక్కనే, అదే గదిలో ఉంచితే ఫలితం లేదు. వేరే భవనం, వేరే విద్యుత్తు ఫీడరు, వేరే మార్గంలో వచ్చే ఫైబర్‌ ఉండాలి. రాష్ట్రంలో ఫైబర్‌నెట్‌ తీగలను చాలా చోట్ల విద్యుత్తు స్తంభాల మీదుగానే లాగారు. స్తంభం కూలితే వెలుగూ, అంతర్జాలమూ కలిసే పోతాయి. ఒకే స్తంభంపై రెండు కంపెనీల తీగలు ఉన్నంత మాత్రాన రెండు మార్గాలు ఉన్నట్లు కాదు. భూగర్భ ఫైబర్‌ ఒకటి, స్తంభాల తీగ ఒకటి ఉంటే మేలు.

కంట్రోలర్‌ దూరాన ఉన్న చోట, సమాచారాన్ని స్థానికంగానే మళ్లించే పద్ధతిని యాక్సెస్‌ పాయింట్లకు అమర్చుకోవాలి. అప్పుడు కంట్రోలర్‌తో లంకె తెగినా భవనంలోని సర్వరు వరకు సేవ సాగుతుంది.

నడుస్తుంటే తెగకూడదు

వినియోగదారుడు ఒక యాక్సెస్‌ పాయింటు పరిధి నుంచి మరొక దాని పరిధిలోకి అంతరాయం లేకుండా మారడమే రోమింగ్‌. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ప్రధానంగా ఫోనే. అందుకని పక్కపక్క పెట్టెల పరిధులు కొంత మేర ఒకదానిపై ఒకటి పడేలా అమర్చాలి. వాయిస్‌ కాల్స్‌కు పరిధి అంచున సంకేత బలం మైనస్‌ 67 డీబీఎంకు తగ్గకుండా చూడటం ఆనవాయితీ.

మార్పు 150 మిల్లీ సెకన్లు దాటితే మాట తెగినట్లు వినిపిస్తుంది. ప్రతి పెట్టె వద్దా పూర్తి తనిఖీ జరిగితే అంతకు మించి సమయం పడుతుంది. 2008లో వచ్చిన 802.11ఆర్‌ ప్రమాణం భద్రతా తాళాలను ముందుగానే సిద్ధం చేసి ఈ జాప్యాన్ని తగ్గిస్తుంది. పక్కన ఏ పెట్టెలు ఉన్నాయో 802.11కె ద్వారా ఫోన్‌కు తెలుస్తుంది. ఎటు మారితే మేలో 802.11వి సూచిస్తుంది. పాత ఫోన్లు కొన్ని ఆర్‌ ప్రమాణాన్ని అర్థం చేసుకోలేవు. అందుచేత అమలుకు ముందు పరీక్షించాలి.

ఒక భవనానికి ఒకే కంట్రోలర్‌

ఒకే భవనంలోని పెట్టెలను రెండు కంట్రోలర్లకు కలగాపులగంగా పంచడం తరచుగా కనిపించే పొరపాటు. భారం సమంగా పడుతుందన్న ఆలోచనతో అలా చేస్తారు. దాంతో వరండాలో పది అడుగులు నడిచినా వినియోగదారుడు కంట్రోలర్‌ మారవలసి వస్తుంది. నెట్‌వర్క్‌ విభాగం కూడా వేరైతే అతని చిరునామాను కాపాడేందుకు పాత కంట్రోలర్‌ నుంచి సమాచారాన్ని చుట్టుతిప్పాలి. అప్పుడు పాతది ఆగితే, కొత్త దాని పరిధిలో ఉన్నవాడు కూడా తెగిపోతాడు. భవనంలోని పెట్టెలన్నీ ఒకే కంట్రోలర్‌ కింద ఉండాలి. ప్రత్యామ్నాయానికి మారినప్పుడూ కలిసే మారాలి. ప్రధాన, అదనపు కంట్రోలర్లు ఒకే రోమింగ్‌ బృందంలో ఉండాలి. నెట్‌వర్క్‌ పేర్లు, భద్రతా నియమాలు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి.

ప్రాంగణం దాటితే..

ఒక కళాశాల విద్యార్థి మరొక కళాశాలలో తన సొంత లాగిన్‌తోనే వై-ఫై వాడుకునే ఎడ్యురోమ్‌ విధానం ఐరోపాలో పుట్టింది. భారత్‌లో దీనిని ఎర్నెట్‌ ఇండియా నిర్వహిస్తోంది. ఆతిథ్యమిచ్చే కళాశాల సంకేతపదాన్ని చూడదు. అభ్యర్థనను విద్యార్థి సొంత సంస్థకు పంపి అనుమతి కోరుతుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. తుపానుకు సొంత సంస్థలోని రేడియస్‌ సర్వరు ఆగితే, సురక్షితమైన ఊరిలో ఆశ్రయం పొందిన విద్యార్థికీ వై-ఫై అందదు. కనుక రెండవ రేడియస్‌ సర్వరును తీరానికి దూరంగా, వేరే నగరంలో ఉంచడం తప్పనిసరి. చిరునామాలు ఇచ్చే డీహెచ్‌సీపీ సేవకూ ప్రతి ప్రాంగణంలో జోడీ ఉండాలి. ఇవి ఒక్కొక్కటే ఉంటే ఎన్ని కంట్రోలర్లు కొన్నా వృథాయే.

బ్యాటరీ లెక్క

యాక్సెస్‌ పాయింట్లకు విద్యుత్తు నెట్‌వర్క్‌ తీగ ద్వారా స్విచ్‌ నుంచే అందుతుంది. కంట్రోలర్‌ గదికి మాత్రమే యూపీఎస్‌ పెడితే చాలదు. ప్రతి భవనంలోని స్విచ్‌కూ అది ఉండాలి. 24 యాక్సెస్‌ పాయింట్లు 15 వాట్ల చొప్పున 360 వాట్లు, స్విచ్‌ 60 వాట్లు, మొత్తం 420 వాట్లు వాడతాయనుకుందాం. రెండు గంటలకు 840 వాట్‌ అవర్లు కావాలి. ఇన్వర్టరు నష్టాన్ని కలిపితే సుమారు 1,050. కాగితంపై 1,800 వాట్‌ అవర్లు గల 12 వోల్టుల, 150 ఏహెచ్‌ బ్యాటరీ ఒకటి ఈ రెండు గంటలను భరిస్తుంది. రోజుల తరబడి విద్యుత్తు లేకుంటే జనరేటరు, దానికి నిల్వ డీజిలు ఉండాలి.

సెప్టెంబరులోనే పరీక్ష

తుపానుల కాలానికి ముందే, సెలవు రోజు చూసి ప్రధాన కంట్రోలర్‌ విద్యుత్తును నిజంగానే తీసివేసి చూడాలి. ఆ సమయంలో ఒకరు ఫోన్‌లో మాట్లాడుతూ భవనమంతా తిరగాలి. ఎన్ని సెకన్లకు సేవ పునరుద్ధరణ జరిగింది, ఎక్కడ మాట తెగింది, ఎన్ని పెట్టెలు తిరిగి చేరలేదు అన్నవి నమోదు చేయాలి. తరువాత ఫైబర్‌ను, ఆపై రేడియస్‌ సర్వరును విడివిడిగా ఆపి చూడాలి.

ప్రధాన కంట్రోలర్‌ కోలుకున్న వెంటనే పెట్టెలన్నీ తమంతట తామే దాని వద్దకు మరలిపోయే అమరికను నిలిపివేయడం మంచిది. తుపాను అనంతరం విద్యుత్తు వస్తూ పోతూ ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ పెట్టెలు అటూ ఇటూ మారితే ఉన్న సేవ కూడా దక్కదు. సరఫరా నిలకడగా ఉందని రూఢి చేసుకున్నాక సిబ్బందే ఒక్కో భవనాన్నీ తిరిగి మార్చాలి. ఆ పని చేసే క్రమాన్ని కాగితంపై రాసి స్విచ్‌ గదిలో అతికించాలి. నెట్‌వర్క్‌ లేని రాత్రి కంప్యూటరులో దాచిన సూచనలు ఎవరికీ అక్కరకు రావు.