వేంగీపురము (పెదవేగి)

ప్రాచీనాంధ్ర రాజధానులలో ఒకటి. ఏలూరునకు ఉత్తరమున సుమారు 12 కి.మీ. దూరమున, నేడు మండల కేంద్రమైన పెదవేగి ఊరి క్రిందను, పొరుగుననున్న చినవేగి పరిసరములందలి తోటల క్రిందను అణగియున్న పట్టణశేషములను చరిత్రకారులు ఈ పేరుతో వ్యవహరింతురు. ఇది క్రీ.శ. 4, 5 శతాబ్దులలో శాలంకాయనులకు ముఖ్యనగరమై, పిమ్మట విష్ణుకుండినుల యేలుబడిలోనికి వచ్చి, తూర్పు చాళుక్యుల నాటికి గోదావరీ కృష్ణా మధ్యదేశమున కంతకును తన పేరు నిచ్చినది.

గుర్తింపు: సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనమున పేర్కొనబడిన దక్షిణాపథ రాజులలో వేంగీపతి హస్తివర్మ యొకడు. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు భూగోళకర్త టాలెమీ చెప్పిన ‘సలకెనోయి’ జనులు శాలంకాయనులేననియు, వారి ‘బెనగౌరోన్’ పట్టణము వేంగీపురమేననియు కొందరు పండితులు తలచిరి. పేళ్ల పోలికయే దీనికి ప్రధానాధారము గనుక దీనిని సంభావ్యముగా మాత్రమే గ్రహింపవలెను. 7వ శతాబ్దిలో ఆంధ్రదేశమును దర్శించిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగు ‘పింగ్‌కిలో’ అని వ్రాసిన రాజధానిని వేంగిగా గుర్తించుట ఇంతకంటె బలమైన వాదము. దాని చుట్టుకొలత 20 లీలని (లీ చైనా దూరమానము) ఆ యాత్రికుడు చెప్పెను. విష్ణుకుండినుల చిక్కుళ్ల తామ్రశాసనము వెలువడిన ‘లెందులూరు’ నేటి దెందులూరే యనుట సాధారణముగా అంగీకరింపబడినది. దెందులూరి దిబ్బలను బట్టి ప్రాచీన నగరము అంతవరకు వ్యాపించి యుండెనని ఊహించినవారును కలరు. ఏకనగరమనుటకంటె, సమీపముననున్న రెండు అధివాసములు వేర్వేరు వంశముల కాలమున ప్రాధాన్యము వహించినవనుట యుక్తతరముగా తోచుచున్నది.

తామ్రశాసనములు: ఈ పట్టణమును గూర్చి నేల చెప్పినదానికంటె రాగిరేకులు చెప్పినది ఎక్కువ. హుల్ష్ పండితుడు ప్రకటించిన ఏలూరు ప్రాకృత శాసనము వీనిలో మిక్కిలి విలువైనది. అశ్వమేధయాజియైన శాలంకాయన రాజు విజయదేవవర్మ తన 13వ రాజ్యసంవత్సరమున వేంగీపురమునుండి ‘ఏలూర’ గ్రామ జనులను ఉద్దేశించి దీనిని వెలువరించి, గణశర్మ యను బ్రాహ్మణునకు 20 నివర్తనముల భూమి నొసగెను. ఆజ్ఞ నందుకొనిన గ్రామజనులలో అగ్రగణ్యుడుగా పేర్కొనబడిన అధికారి బిరుదును కొందరు ‘ములుడ’ అనియు, కొందరు ‘ముతుడ’ అనియు చదివిరి. నేటి జిల్లా కేంద్రమైన ఏలూరు ఆనాడు వేంగీపురపు ఆజ్ఞకు లోబడిన గ్రామమై యుండెనని ఈ రేకులవలన స్పష్టమగుచున్నది. ఆ రెంటి ప్రాధాన్యము తరువాతి శతాబ్దులలో తారుమారైనది. కొల్లేటిలో దొరికిన విజయనందివర్మ శాసనము సంస్కృతమున నున్నది. అందు కుదురహార విషయములోని ఒక పల్లె 157 మంది బ్రాహ్మణులకు దానము చేయబడినది. పాత గెజెటీర్లు ఈ కొల్లేటి రేకులను పల్లవులవని వ్రాసినవి. శాలంకాయన వంశక్రమము తేటపడిన పిమ్మట ఆ మాటను విడిచిపెట్టుటయే న్యాయము. ఈ వంశపు రాజులు తమ్ము ‘చిత్రరథస్వామి’ పాదభక్తులుగా చెప్పుకొనిరి. చిత్రరథుడనగా సూర్యుడని పలువురి అభిప్రాయము.

దిబ్బలు: హుల్ష్ పెదవేగిలోని ఒక దిబ్బను చిత్రరథస్వామి ఆలయస్థానముగా సూచించినట్లు తెలియుచున్నది. దెందులూరులో భీమలింగదిబ్బ ప్రసిద్ధము. 1980 దశకమున కేంద్ర పురావస్తుశాఖవారు పెదవేగిలో త్రవ్వకములు జరిపిరి. ఏలూరు కోటను ముస్లిము పాలకులు వేంగి శిథిలములనుండి తెచ్చిన రాళ్లతో కట్టించిరని ఒక ప్రతీతి గలదు. డెల్టా అంచున గట్టిరాయి అరుదగుటచేత పాడుపడిన గుడుల రాళ్లు మరల కోటగోడలకు ఎక్కుట సహజమే. ఇటుకలకును ఇదే గతి పట్టియుండును. ఊరు దిబ్బల పైననే నివసించుచుండుటవలన, ఆయిల్‌పామ్ తోటలు విస్తరించుటవలన, ప్రాకారరేఖను, వీథుల తీరును గుర్తింపగల త్రవ్వకములకు మిగిలిన తావు ఏటేట తగ్గుచున్నది. ఆంధ్ర రాజధానులలో మొదటి తరమునకు చెందిన యీ నగరమునకు ఇది తీరని నష్టము. తోటలకై నేలను చదును చేయుటకు ముందే సర్వే జరుగవలసియున్నది.

చాళుక్యుల కాలము: బాదామి చాళుక్యరాజు రెండవ పులకేశి వేంగిని జయించుటకును, కునాల సరస్సు కడ యుద్ధమునకును 634 నాటి ఐహొళె శాసనమే ప్రధానసాక్ష్యము. కునాలము కొల్లేరేనన్న కీల్‌హార్న్ గుర్తింపునే పెక్కుమంది అనుసరించిరి. పులకేశి తమ్ముడును తూర్పు చాళుక్య వంశస్థాపకుడునైన కుబ్జవిష్ణువర్ధనుని రాజ్యారంభమును ఫ్లీటు 615 అని నిర్ణయింపగా, తరువాతి ఆంధ్ర చరిత్రకారులు పలువురు 624 అనిరి. శాసనములలోని రాజ్యసంవత్సరముల లెక్కకు రెండవదే మేలుగా పొసగుచున్నది. రాజధాని రాజమహేంద్రవరమునకు మారినది ఎన్నడన్న విషయమున ఏకాభిప్రాయము లేదు. ‘రాజమహేంద్ర’ బిరుదాంకితుడైన మొదటి అమ్మరాజు (921–927) కాలమని ఒక వాదము. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుని కాలమని మరియొకటి. నన్నయ భారతావతారికలో రాజమహేంద్రవరమే వేంగీదేశపు నగరముగా వర్ణితమగుటచే 11వ శతాబ్ది మధ్యమునకు ఈ మార్పు పూర్తియైనదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

కొల్లేటికోట: కొల్లేటి సరస్సు నడుమనున్న ఈ లంకయందు లాంగూల గజపతి కోట యుండెననియు, తీరమున చిగురుకోటలో విడిసిన శత్రుసేనాని నీటిని సముద్రమునకు మరలించుటకు ఉప్పుటేరును త్రవ్వించి, కార్యసిద్ధికై తన కూతును బలియిచ్చెననియు, అందుచే ఆ పాయకు పేరంటాల కనుమ యను పేరు వచ్చెననియు స్థానిక కథ. ఇది గజపతుల నాటి స్మృతి. పెద్దింట్లమ్మ దేవాలయముచే ప్రసిద్ధమైన ఈ స్థలమును శాలంకాయనుల వేంగితో ముడిపెట్టుటకు ఆధారము లేదు.