కడప సముద్రము

మన్నారు సింధుశాఖ దీవుల చుట్టునున్న రక్షిత జలములలో స్పంజికలు పగడపు దిబ్బల నంటిపెట్టుకొని నేటికిని పెరుగుచున్నవనిన, బిందె నీళ్ళకై ఎదురుచూచు పులివెందుల సీమవాసికి అది పరదేశపు ముచ్చటగా తోచును. కాని అతని చేని గట్టునున్న రాయియు ఒకనాటి సముద్రపు అడుగే.

ఇచ్చటి శిలలను తొలుత సమగ్రముగా వర్ణించినవాడు భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్. 1872లో వెలువడిన తన గ్రంథమున ఆయన వీనిని కడప, కర్నూలు శ్రేణులుగా విభజించి, వాని అంతర్భాగములకు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కుందేరు మున్నగు మన పేర్లనే పెట్టెను. ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకయే తప్ప నీరు కానరాని పాపఘ్ని నది పేరు సముద్ర నిక్షేపములకు దక్కుట విధి వినోదము కాక మరేమి! ఈ పాపఘ్ని శ్రేణికి అడుగున ఉన్నవి, పాలకోవాకు పేరుపడిన గువ్వలచెరువు కనుమలోని గట్టి ఇసుకరాళ్ళు. వానిపై పరచుకొన్నది వేంపల్లె డోలమైటు.

ఆ డోలమైటులో, కోసిన ఉల్లిగడ్డవలె పొరపై పొరగా ఉబ్బిన గుండ్రని ఆకృతులు కానవచ్చును. వీనినే శాస్త్రజ్ఞులు స్ట్రొమటోలైట్లందురు. లోతు తక్కువ నీటిలో కంటికానని నీలి-ఆకుపచ్చ సూక్ష్మజీవులు జిగురుచాపవలె అల్లుకొని, సున్నపు రేణువులను పట్టి నిలిపి, ఆ రేణువులు తమను కప్పివేయగా వెలుగుకై మరల పైకి ప్రాకి, మరొక చాపను పరచుచు ఈ కట్టడములను లేపెను. వీనికంటె పైనున్న తాడిపత్రి పొరలలోనికి చొచ్చుకొనివచ్చిన నల్లరాతి వయస్సే సుమారు 189 కోట్ల సంవత్సరములని తేలినది గనుక, వేంపల్లె నిర్మాతలు అంతకంటెను పూర్వులు. స్పంజికల నిస్సందేహమైన శిలాజములేవియు 60 కోట్ల ఏండ్లకంటె పాతవి కావు. అనగా ఈ సముద్రమున స్పంజిక లేదు, పగడము లేదు, ఆ చాపలను మేయుటకు నత్తయైనను లేదు. అందుచేతనే అవి అడ్డులేక విస్తరించెను. పశ్చిమ ఆస్ట్రేలియాలోని హామెలిన్ పూల్‌లో, నత్తలకు దుర్భరమైన మిక్కుటపు ఉప్పునీటి చాటున, అటువంటివి నేడును సజీవముగా ఉన్నవి. ఆ తీరమును 1991లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

మనవారు వేంపల్లె రాతిని వేరు కన్నుతో చూచిరి. ద్రవశిల వేడిమి తగిలి డోలమైటు మారినచోట పులివెందుల చుట్టుపట్ల రాతినారను త్రవ్విరి. తుమ్మలపల్లెలో అదే శ్రేణి నుండి యురేనియమును తీయుచున్నారు. మంగంపేట ముగ్గురాతి నిక్షేపమునకు జాతీయ భూవైజ్ఞానిక స్మారకమను గౌరవము లభించినది. ధర పలుకు ఖనిజమునకే ఆ మన్నన దక్కి, జీవము స్వయముగా కట్టిన వేంపల్లె దిబ్బలు బడిపిల్లలకైనను పరిచితములు కాకుండుట నాకు మ్రింగుడుపడదు.