ఏ డేటాబేసైనా ఒకే విండోలో

మొదట్లో డేటాబేసుతో మాట్లాడాలంటే కమాండ్లు కంఠతా వచ్చినవాళ్లే దిక్కు. సమాచారాన్ని పట్టికలుగా అమర్చుకోవచ్చని 1970లో ఐబీఎం పరిశోధకుడు కాడ్ ప్రతిపాదించాడు. ఆ పట్టికలను అడగడానికి 1974లో అక్కడే చాంబర్లిన్, బాయిస్ ఒక భాష తయారుచేశారు. నేటి ఎస్‌క్యూఎల్ అందులోంచి వచ్చిందే. అదే ఐబీఎంలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పరిశోధన కేంద్రంలో పనిచేసే మోషే జ్లూఫ్ మాత్రం 1970ల మధ్యలో ఇంకో దారి పట్టాడు. ప్రశ్నను కూడా పట్టికలోనే అడగొచ్చని చూపించాడు. తెర మీద ఖాళీ పట్టిక ఉంటుంది. జీతం గడిలో ‘>10000’ అని, పేరు గడిలో ‘ప్రింట్’కు గుర్తుగా ‘పి.’ అని కొడితే చాలు, అంతకు మించి జీతం ఉన్నవాళ్ల పేర్లు వచ్చేస్తాయి. ఇవాళ మనం మౌసుతో నొక్కి ఫిల్టర్ పెట్టుకునే గడులన్నిటికీ పెద్దదిక్కు జ్లూఫే అని నా నమ్మకం. అంత గొప్ప ఆలోచనకు రావలసినంత పేరు రాలేదన్నది నా బాధ.

తర్వాత వచ్చిన పనిముట్లు చాలావరకు ఒక్కో డేటాబేసుకే కట్టుబడ్డాయి. 1998లో టోబియాస్ రాట్‌షిల్లర్ మొదలుపెట్టిన పీహెచ్‌పీమైఅడ్మిన్ మైఎస్‌క్యూఎల్ కోసం పుట్టింది. అన్స్‌గార్ బెకర్ రాసిన మైఎస్‌క్యూఎల్-ఫ్రంట్ కూడా అంతే. బెకర్ ఆ పేరును వేరొకరికి అమ్మేశాక, 2006లో తన కోడును హైడీఎస్‌క్యూఎల్ పేరుతో అందరికీ ఉచితంగా తెరిచి పెట్టాడు. ఇద్దరూ తమ పనిని అందరి చేతుల్లో పెట్టినవాళ్లే, అందుకే వాళ్లంటే నాకు గౌరవం.

కానీ ఆఫీసుల్లో ఒక్క డేటాబేసు ఎక్కడుంటుంది? జీతాలు ఒరాకిల్‌లో, వెబ్‌సైటు మైఎస్‌క్యూఎల్‌లో, కొత్త యాప్ పోస్ట్‌గ్రెస్‌లో. అన్నీ ఎస్‌క్యూఎల్ అర్థం చేసుకునేవే, అయినా నెట్‌వర్కు మీద ఒక్కోటి మాట్లాడే తీరు వేరు. ఈ చిక్కును విప్పింది డ్రైవరు అనే దుబాసీ. మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చిన ఓడీబీసీ, జావా కోసం సన్ సంస్థ 1997లో జేడీకే 1.1తో ఇచ్చిన జేడీబీసీ, ఈ రెండూ ఒకే ఒప్పందం చేశాయి: ప్రోగ్రాము ఒకే రకంగా అడుగుతుంది, దాన్ని తమ డేటాబేసుకు తెలిసే రీతిలో చేరవేసే డ్రైవరును ఆ డేటాబేసు వాళ్లో మరొకరో రాసిస్తారు.

జేడీబీసీలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది క్వెరీ పంపించే భాగం కాదు. ‘నీ దగ్గర ఏ టేబుళ్లున్నాయి, వాటిలో ఏ కాలమ్‌లున్నాయి’ అని అడిగే పద్ధతిని కూడా అందులో ఖరారు చేశారు. ఇలాంటి పనిముట్లలో, అంటే క్లయింటుల్లో, ఎడమ పక్కన కొమ్మలుకొమ్మలుగా విచ్చుకునే జాబితా దాని పుణ్యమే. సెర్జ్ రైడర్ 2010లో సొంత ఆసక్తితో మొదలుపెట్టిన డీబీవర్ అనే క్లయింటు ఈ పునాది మీదే లేచింది. కొత్త కనెక్షన్ నొక్కి డేటాబేసు పేరు ఎంచుకుంటే, డ్రైవరు లేకపోతే తనే దించుకోనా అని అడుగుతుంది. అయితే ఒప్పందం అందరికీ ఉమ్మడిగా ఉన్నవాటి వరకే. ఒరాకిల్ ప్యాకేజీలు, పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ల లాంటి సొంత సొగసులు కనబడాలంటే ఒక్కోదానికి విడిగా రాయక తప్పదు. అందుకే రోజంతా పోస్ట్‌గ్రెస్ ఒక్కదానితోనే పనిచేసేవాళ్లకు పీజీఅడ్మిన్ చాలని చెబుతాను.

అన్నీ ఒకే చోటికి చేరాక కొత్త ప్రమాదం పుట్టింది. పక్కపక్క ట్యాబుల్లో టెస్టు డేటాబేసు, అసలు పని నడిచే ప్రొడక్షన్ డేటాబేసు రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండో సర్వర్‌లో చెయ్యబోయిన తొలగింపును ప్రధాన సర్వర్‌లో చేశాడు. సుమారు 300 జీబీ డేటా చెరిగిపోయింది, ఆరు గంటల మార్పులు మళ్లీ రాలేదు. అది గ్రాఫికల్ క్లయింటులో కాదు, టెర్మినల్‌లో జరిగింది, అయినా ప్రమాదం ఇలాంటిదే. దిద్దుబాట్లలో ఒకటిగా ఆ సంస్థ రాసుకున్నది, ఏ సర్వర్‌లో ఉన్నామో స్పష్టంగా తెలిసేలా ప్రాంప్టు మార్చాలని.

క్లయింటు ఎంపికలో నేను ముందు చూసేది, ఇలాంటి పొరపాట్లను అది అడ్డుకుంటుందా అన్నదే. డీబీవర్‌లో కనెక్షన్‌కు ప్రొడక్షన్ అని రకం పెడితే దాని రంగు ఎర్రబడుతుంది, మార్పులను వెంటనే ఖాయం చేసే ఆటో-కమిట్‌ను ఆపుకోవచ్చు. ఏ వరుసలు తీసెయ్యాలో చెప్పే ‘వేర్’ షరతు లేని డిలీట్ నడపబోతే ఆగి, నిజంగానే చెయ్యాలా అని అడుగుతుంది. హైడీఎస్‌క్యూఎల్‌లోనూ సెషన్‌కో రంగు ఇచ్చుకోవచ్చు. కొత్త క్లయింటు పెట్టుకునేవాళ్లు థీములు, షార్ట్‌కట్లు చూసేలోపే టెస్టు డేటాబేసు మీద ఒక ఉత్తుత్తి టేబుల్ తయారుచేసి, ‘వేర్’ లేని డిలీట్ ఒకటి కొట్టి చూడాలి. అది ఆపిందా, అడక్కుండా చేసేసిందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.