వరి పిలకలు: జన్యువులు, హార్మోన్ల నియంత్రణ

వరి మొక్క అడుగున, నేలకు దగ్గరగా ఉండే కణుపుల నుంచి పుట్టే కొమ్మలే పిలకలు. వెన్ను తీసే పిలకల సంఖ్య వరి దిగుబడిని నిర్ణయించే ముఖ్య లక్షణాల్లో ఒకటి. ఆలస్యంగా పుట్టిన పిలకలు చాలావరకు వెన్ను తీయకుండానే చనిపోతాయి.

మొగ్గ పుట్టుక

పిలక రెండు దశల్లో తయారవుతుంది. మొదట ఆకు మొదట్లో మొగ్గ ఏర్పడుతుంది. తర్వాత అది పిలకగా సాగుతుంది, లేదా నిద్రావస్థలో ఉండిపోతుంది. మొగ్గ ఏర్పడడానికి మోనోకల్మ్-1 జన్యువు కావాలి. అది పనిచేయని మొక్కకు దాదాపు ప్రధాన కాండం ఒక్కటే ఉంటుంది. చైనా శాస్త్రవేత్తలు 2003లో ఈ జన్యువును వెల్లడించారు.

హార్మోన్ల పాత్ర

కొనలో తయారయ్యే ఆక్సిన్ కాండం గుండా కిందికి దిగుతూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కెన్నెత్ థిమాన్, ఫోకె స్కూగ్ 1930లలో దీన్ని ప్రయోగంతో చూపారు. పొగాకు తలలు తుంచగానే ఆకు చంకల్లోంచి పిలకలు రావడానికి మూలం ఇదే. అయితే ఆక్సిన్ నేరుగా మొగ్గలోకి వెళ్లి పనిచేయదు. మొగ్గను లేపే సైటోకైనిన్ తయారీని తగ్గిస్తుంది, మొగ్గను ఆపే స్ట్రైగోలాక్టోన్ తయారీని పెంచుతుంది.

స్ట్రైగోలాక్టోన్లు కొమ్మలను అణచే హార్మోన్లని 2008లో ఫ్రాన్స్ బృందం బఠానీలో, జపాన్ బృందం వరిలో నిరూపించాయి. వరిలో డి14 అనే ప్రోటీన్ ఈ హార్మోన్‌ను పసిగట్టి, డి3తో కలిసి డి53 అనే మరో ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది. డి53 అడ్డు తొలగాక మొగ్గను ఆపే జన్యువులు పనిలోకి దిగుతాయి. ఈ గొలుసులో డి14 గానీ డి3 గానీ చెడితే మొక్క పొట్టిగా, విపరీతమైన పిలకలతో గుబురుగా పెరుగుతుంది.

నేల ప్రభావం

భాస్వరం చాలని నేలలో వేర్లు స్ట్రైగోలాక్టోన్లను ఎక్కువగా తయారుచేస్తాయి. అవి మట్టిలోకి ఊరి, భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాలను వేర్ల వైపు రప్పిస్తాయి. మొక్క లోపల పిలకలను తగ్గిస్తాయి. ఉన్న కొద్ది పోషకాన్ని పొదుపుగా వాడుకునే అద్భుతమైన ఏర్పాటిది. జొన్నను పీడించే మల్లె కలుపు విత్తనాలు మొలకెత్తేదీ ఈ పదార్థాల జాడతోనే. నత్రజని తగినంత అందితే పిలకలు పెరుగుతాయి.

పంట మెరుగుదల

మొక్కజొన్న పూర్వీకమైన టియోసింటేకు కొమ్మలెక్కువ. టీబీ1 జన్యువు చురుకుదనం పెరిగిన మొక్కలను తొలినాటి రైతులు ఎంచుకోవడంతో నేటి ఒంటి కాండపు రూపం వచ్చింది. వరిలో 2010లో వెల్లడైన ఐపీఏ1 జన్యురూపం పిలకలను తగ్గించి, కాండాన్ని దృఢపరచి, వెన్నులో గింజలను పెంచుతుంది.

కాబట్టి పిలకలు ఎక్కువైనంత మాత్రాన రకం మంచిది కాదు. వేసిన పిలకలన్నిటికీ గింజ నింపగలిగేదే మేలైన రకం.